నల్లమెడ కొంగ ఫోటో

"మూసేస్తున్నానమ్మాయ్, రేపు రా."

స్టూడియో యజమాని అప్పటికే షట్టరు సగానికి దించేశాడు. ఆ అమ్మాయి వంగి, దాని కిందినుంచి లోపలికి దూరింది. తర్వాత తను చేసిన పనికి తనే బిత్తరపోయి గోడకి అతుక్కుని నిలబడింది.

"రేపు కుదరదండీ. పొద్దున్నకల్లా ఇంట్లో ఉండాలి. పెద్దది. ఫ్రేము కట్టి."

"ఏంటది?"

బస్సులో దారిపొడవునా వల్లె వేసుకున్న మాటల్లో సగమే నోటికొచ్చాయి. "మొన్న చలికాలంలో చిత్తడి నేలలకి మీతో మా నాన్న కూడా వచ్చారు కదా. నల్లమెడ కొంగ కనబడిన రోజు... ఆ ఫోటోలు."

అతని మొహం విప్పారింది. "కొంగలాయన కూతురివా! ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

షట్టరు మళ్ళీ పైకి లేచింది. కంప్యూటరు వెలిగింది.

ఏటా చలికాలంలో పక్షుల పిచ్చివాళ్ళందర్నీ వ్యానెక్కించి తీసుకెళ్ళేది ఇతనే. కొంగలాయన ఒక్క ప్రయాణం కూడా మానలేదు. ఇంట్లో ఉన్నా అంతే. డాబా మీద కూర్చుని, వెనక పొలంలో వాలే కొంగల మీదికి కెమెరా గురిపెట్టాడంటే పక్కనున్న టీ చల్లారిపోవాల్సిందే.

"మీ నాన్న కెమెరాలో లేవా?"

"అంతా వెతికామండీ. అందులో లేదు."

"అదీ సంగతి! ఆయనకి దొరకనిది నాకు దొరికిందన్నమాట. మరి తను రాకుండా నిన్ను పంపించాడేం? నన్నడగడానికి నామోషీయా?"

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. అతనేమో ఆగే రకం కాదు.

"ఇదిగో చూడు. రెక్కలు ఎలా చాచిందో! దీనికి బహుమతి కూడా వచ్చింది."

"ఇది కాదండీ."

"పోనీ ఇది. ముక్కున చేప, చుట్టూ నీటి చుక్కలు. ముత్యాల్లా లేవూ?"

"ఇదీ కాదు."

మరొకటి చూపించాడు. ఇంకొకటి. ప్రతిదానికీ అడ్డంగా తలూపింది.

"ఇదేమన్నా పెళ్ళిచూపులా తల్లీ, ఒక్కటీ నచ్చదు!"

"ఇంట్లో ఒకటుందండీ, తపాలా బిళ్ళంత. పెద్దది చేయిస్తే అంతా అలుక్కుపోయినట్టు వచ్చింది. అమ్మ అది చూసి..." మిగతాది మింగేసింది.

చేతిలో బటన్ల ఫోను మోగింది.

"దొరికిందా?" అమ్మ గొంతు బొంగురుపోయి ఉంది.

"వెతుకుతున్నారమ్మా."

"దొరక్కుండా రాకు తల్లీ. రేపు అంతమంది వస్తారు. వాళ్ళకి ఉత్త గోడ చూపించమంటావా?"

ఫోను పెట్టేసి ఆ అమ్మాయి తెర దగ్గరికి జరిగింది.

"మీరు తీసినవన్నీ ఇవేనా? పాడైపోయినవి లేవా?"

"పాడైనవి ఎవడు దాచుకుంటాడు? ఇంటికి రాగానే కంప్యూటర్లోంచి చెరిపేస్తా."

"అన్నీనా?" అక్కడున్న స్టూలు మీద కూలబడిపోయింది.

"అన్నీ. అసలు పాడుచేసిందే మీ నాన్న! మేమంతా తుప్పల చాటున ఊపిరి బిగబట్టి కూర్చున్నామా, కొంగ కాలికి వలదారం చుట్టుకుందంటూ ఈయన మోకాళ్ళ లోతు బురదలోకి దిగిపోయాడు. నోటికొచ్చినట్టు తిట్టాం అందరం. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉంటేగా!"

"ఆ రోజు కెమెరాలో పెట్టిన కార్డు ఉందా అంకుల్? ఒక్కసారి చూడండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగింది. అతను కంగారుగా కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

"లే, లే! కొంగ ఫోటో కోసం ఇంత ఏడుపా? మీ నాన్నకి పిచ్చనుకున్నా, నీకు అంతకంటే ముదిరినట్టుంది."

అయినా సంచి బోర్లించాడు. బ్యాటరీల మధ్యనుంచి కార్డు బయటపడింది.

"దీంతో తర్వాత ఓ పుట్టినరోజు కూడా తీశాను. పాతవి ఎన్ని మిగిలాయో మరి."

తెర మీద బెలూన్లు. టోపీలు పెట్టుకున్న పిల్లలు. మళ్ళీ పిల్లలే. ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు అయిపోయాక ఉత్త నీళ్ళు. తర్వాత ఉత్త గడ్డి.

"ఇదిగో, మీ నాన్న ఘనకార్యం," అన్నాడు అతను నవ్వుతూ.

బురదలో నిలబడి, విప్పిన వలదారం చేత్తో పైకెత్తి, తనని తిడుతున్నవాళ్ళ వైపు తిరిగి నవ్వుతున్నాడు కొంగలాయన. అతని భుజం వెనకనుంచి ఎగిరిపోతున్న కొంగ రెక్క కొస ఒకటి మాత్రం కనబడుతోంది.

యజమాని తర్వాతి ఫోటోకి వెళ్ళబోయాడు. ఆ అమ్మాయి అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇదే అంకుల్. ఇదే కావాలి."

"ఇదా? ఇందులో కొంగేదీ? రెక్క కొస తప్ప!"

"ఆ కొస కూడా కోసేయండి అంకుల్, నిన్న పోయిన మా నాన్న మొహం ఒక్కటుంటే చాలు మాకు."