ఇంటివాళ్లకే చోటు

మీరాన్ ముందు పెట్టిన గిన్నెలో అన్నం లేదు, నూడుల్స్ ఉన్నాయి.

కొరియాలోని దేగు ఊళ్లో చావు భోజనమంటే ఎర్రటి గొడ్డుమాంసం సూప్, పక్కన అన్నం. శవాన్ని మూడు రోజులు ఉంచే ఆ హాల్లో వచ్చినవాళ్లందరికీ అదే వడ్డిస్తున్నారు. ఆమె ఒక్కదానికే సూప్‌లో నూడుల్స్ వేసి తెచ్చింది ఏప్రన్ కట్టుకున్న ముసలావిడ.

"అన్నం దిగట్లేదు కదమ్మాయ్. ఇదైతే జారిపోతుంది. రెండు పోగులు తిను."

మీరాన్‌కి ఆకలి లేదు. ఏడుపూ రావడం లేదు. పొద్దున్నే బూట్లు తొడుక్కుని ఫ్యాక్టరీకి వెళ్లిన భర్త కిహాన్, గుండె ఆగిపోయి, సాయంత్రానికి నల్ల రిబ్బన్ కట్టిన ఫొటో అయిపోయాడు. అప్పట్నుంచి పన్ను పీకించుకున్న దవడలా ఆమె ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

"నన్ను వదిలేయండి పిన్నీ. వచ్చినవాళ్లకి వడ్డించండి. మీ పని అది," అంది.

అక్కడ వడ్డించే ఆడవాళ్లందరినీ పిన్నీ అనే పిలుస్తారు. పిలుపుదేముంది, నోటి చుట్టరికం.

ముసలావిడ వెళ్లిపోయింది. గిన్నెలో నూడుల్స్ ఉబ్బి, ముద్దయిపోయాయి.

కిహాన్ స్నేహితులు తాగుతూ, పిన్నీ ఇంకో సీసా, పిన్నీ ఇంకాస్త సూప్ అని కేకలేస్తూనే ఉన్నారు. ఆవిడ పరుగులు పెడుతూనే ఉంది. కాకపోతే అటు వెళ్లినప్పుడల్లా ఫొటో ముందు ఆగి, సరిగ్గానే ఉన్న చామంతుల్ని మళ్లీ సర్దేది. పని తప్పించుకోవడానికి ఇదో వంక అనుకుంది మీరాన్.

మూడోనాడు పొద్దున్నే దహనానికి బస్సు సిద్ధమైంది. శవపేటిక ఎక్కించారు. కూతురు బోమి సీట్లో కూర్చోగానే నిద్రపోయింది.

ఏప్రన్ విప్పేసి, నల్ల స్వెటర్ వేసుకుని, ముసలావిడ బస్సు మెట్టెక్కింది. చేతిలో మూత గట్టిగా బిగించిన డబ్బా ఉంది.

"నేనూ వస్తానమ్మాయ్. వెనకాల ఓ మూల కూర్చుంటా."

"ఎందుకు?"

ఆవిడ బిగించి ఉన్న డబ్బా మూతనే మళ్లీ బిగించింది.

"ఇంటివాళ్లకే చోటు పిన్నీ. ఇక్కడితో మీ పని అయిపోయింది, దిగండి."

బస్సులో సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది గానీ ఆ మాట ఎత్తలేదు. డబ్బా మీరాన్ ఒళ్లో పెట్టి, సూప్, పిండి కలిపి కోసిన నూడుల్స్ వేరువేరుగా కట్టానని, ఎప్పుడో ఒకప్పుడు ఆకలేస్తుందని, అప్పుడు ఉడకేసుకోమని చెప్పి దిగింది. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది.

డబ్బాని అలాగే ఫ్రీజర్‌లో తోసేసి మర్చిపోయింది మీరాన్.

చాలా వారాల తర్వాత ఒక ఆదివారం, ఇంట్లో ఇంకేమీ లేక దాన్ని బయటికి తీసింది. ఎవరి డబ్బా వాళ్లకి తిరిగివ్వాలి, అదీ ఖాళీగా ఇవ్వకూడదు. ఆవిడ పేరు కనుక్కుందామని, ఆ హాల్లో ఏర్పాట్లు చూసినవాళ్లకి ఫోన్ చేసింది.

"డెబ్బై ఏళ్లావిడా? మేం పంపింది ఇద్దర్నే, ఇద్దరూ చిన్నవాళ్లే," అన్నాడు అవతలి మనిషి. "ఆవిడ మీ ఇంటి మనిషే అనుకున్నాం."

మీరాన్‌కి అదేమంత వింతగా అనిపించలేదు. ఆ రోజుల్లో ఆమెకి ఏదీ వింతగా అనిపించడం లేదు. ఫోన్ పెట్టేసి నీళ్లు మరగబెట్టింది.

పిండి దులిపి నూడుల్స్ వేసింది. పక్క పొయ్యి మీద సూప్ కరిగింది. ఉల్లికాడలు, చేత్తో పీచులుగా చీల్చిన మాంసం, పైకి తేలిన ఎర్రటి నూనె. ఆదివారాలు ఇంట్లో ఈ వాసనే ఉండేది. కిహానే వండేవాడు.

రెండు గిన్నెల్లో పోసి, బోమిని పిలిచింది.

ఇద్దరూ తినడం మొదలెట్టారు. వాళ్లింట్లో మాటలు తగ్గి చాన్నాళ్లయింది.

"అమ్మా," అంది బోమి ఉన్నట్టుండి. "ముడి నాకొచ్చింది. ఇవాళ గిన్నెలు నువ్వే కడగాలి."

మీరాన్ తలెత్తింది. బోమి చాప్‌స్టిక్స్‌కి ఒక నూడుల్ పోగు వేలాడుతోంది. సరిగ్గా మధ్యలో, ముడి.

అది కిహాన్ ఆట. కోసిన పోగుల్లో ఒక్కదానికి ముడి వేసి, అందరి కళ్లూ గప్పి కలిపేసేవాడు. అది ఎవరి గిన్నెలో పడితే వాళ్లు గిన్నెలు కడగక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో, నూడుల్స్‌కి జడ వేస్తున్నావా అని మీరాన్ వెక్కిరించింది కూడా. మా అమ్మ వేసేది అన్నాడు కిహాన్. అతనికి అయిదేళ్లప్పుడు ఇల్లు విడిచి వెళ్లిపోయిన అమ్మ. ముఖం గుర్తులేదు, ముడి గుర్తుంది అని నవ్వేశాడు.

ఆ ఆట ఇంకే ఇంట్లోనూ చూడలేదు మీరాన్.

"ఇవి నాన్న చేసి దాచినవా?" అడిగింది బోమి.

"కాదు."

"మరి ఎవరు చేశారు?"

మీరాన్ తన గిన్నెలోకి చూసింది. నోట్లో ఉన్నదాన్ని నెమ్మదిగా నమిలి మింగింది.

"మీ నానమ్మ."

"నాకు నానమ్మ ఉందా? ఎప్పుడూ రాలేదే."

"వచ్చింది," అంది మీరాన్. "బస్సు మెట్టు దాకా వచ్చింది. ఇంటివాళ్లకే చోటని నేనే దించేశాను."