కుడి మోచేతి మచ్చ

“ఈయన మీ అబ్బాయేనా?” అధికారి రెండోసారి అడిగాడు. ఆవిణ్ణి దేశాలు దాటించి పిలిపించింది ఈ ఒక్క ప్రశ్నకే.

బల్ల మీద, ఆవిడ పక్కన నిలబడ్డ యువకుడు శాశ్వత నివాసం కోసం ఫోటో అంటించి పెట్టుకున్న దరఖాస్తు ఉంది. దాని పక్కనే, మూడు దేశాల పోలీసులు వెతుకుతున్న హంతకుడి ఫోటో. రెండు మొహాలూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ కాదంటే అతనికి ఈ పూటే బేడీలు వేసి అప్పగిస్తారు.

“నా కొడుకుని నాకే చూపించి ఎవరని అడుగుతావేంటి నాయనా?” అంటూ ఆవిడ అతని కుడి చెయ్యి పట్టుకుని మోచెయ్యి తిప్పింది. “ఇదిగో, కాలిన మచ్చ. మూడేళ్లప్పుడు వేడినీళ్లు ఒలకబోసుకున్నాడు, వెర్రివెధవ.”

దరఖాస్తుకి జతచేసిన బడి సర్టిఫికెట్లోనూ అదే గుర్తు రాసి ఉంది. అధికారి ముద్ర వేశాడు.

మెట్లు దిగాక అతనికి ఏడుపు ఆగలేదు. “ముక్కూమొహం తెలియని నన్ను ఎందుకు కాపాడారమ్మా?”

ఆవిడ ఇంకా ఆ చెయ్యి వదల్లేదు.

“మావాడికి మచ్చ ఉన్నది ఎడమ చేతికి. బళ్లో గుమాస్తా కుడి అని రాసేశాడు, పోనీలే అని నేనూ దిద్దించలేదు. ఆ కాగితం పట్టుకునే వాడు పని వెతుక్కుంటానని ఇల్లు దాటాడు. రెండేళ్లయింది. నువ్వు ఆ కాగితం చూసే కుడి చెయ్యి కాల్చుకున్నావు. నిన్ను వాళ్లకి అప్పగిస్తే ఇక నాకు జవాబు చెప్పేదెవరు? చెప్పు నాయనా, నా బిడ్డని ఎక్కడ పాతిపెట్టావు?”