ల్యాబ్ గుమ్మంలో కుర్చీ

“ఇకమీదట మీ చుక్కలు ఎవరు చేసినా ఒకేలా వస్తాయమ్మా,” అంటూ కంటి డాక్టరమ్మ ల్యాబ్ గోడకు కాగితం అంటించి వెళ్ళింది.

నా కళ్ళలో తడి ఊరదు. అందుకని నా రక్తమే తీసి, గడ్డకట్టాక పైన తేరిన పచ్చటి నీటితో చుక్కలు చేస్తారు. ఏడాదిలో మూడు విడతలు కళ్ళలో కారం కొట్టినట్టే ఉంది. ఒక్క విడత మాత్రం ప్రాణం లేచొచ్చింది. అన్నీ అలాగే చేయాలని ఆవిడ పట్టు.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే గగనం. “అందులో ఏం రాశారు నాయనా?” అని ల్యాబ్‌లోని బట్టతలాయన్ని అడిగాను.

“రక్తాన్ని మిషన్లో తిప్పే ముందు రెండు గంటలు కదపకూడదట.”

“ఇదివరకు?”

“టీ తాగొచ్చేంతసేపు ఉంచేవాణ్ణి.”

“మరి ఆ మంచి విడతకి?”

ఆయన గొంతు తగ్గించాడు. “ఆ రోజు మీరు ఈ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని, సీసా మారుతుందేమో, కరెంటు పోతుందేమో, నాకు తుమ్మొస్తుందేమో అని నా ప్రాణం తోడేశారు. మీరు కదిలేదాకా రెండు గంటలు క్యాంటీన్లో దాక్కున్నాను. డాక్టరమ్మ అడిగితే కావాలనే ఆగానని చెప్పాను. బయటపెట్టకండి పెద్దమ్మా, మీకు పుణ్యముంటుంది.”

నా గోల ఎవరికీ పనికిరాదని మా ఆయన నలభై ఏళ్ళుగా సాధిస్తున్నాడు. ఇప్పుడా గోలే ఆసుపత్రి ముద్రతో సహా గోడెక్కింది.

అయినా కాగితాన్ని నమ్మడమెలా? కుర్చీ గుమ్మంలోకి లాక్కున్నాను.

“ఇంతకీ చేతులు కడుక్కున్నావా నాయనా?”

ఆయన గడియారం చూసుకుని క్యాంటీన్ దారి పట్టాడు.