ఒక లైను ఎక్కువైంది

"మళ్ళీ వాడి కథేనా చదువుతున్నావ్?" చెప్పులు విప్పకుండానే అడిగారు కత్తెరగారు.

భార్య కంప్యూటరు పక్కన పత్రిక తెరిచి పెట్టుకుని ముసిముసిగా నవ్వుకుంటోంది. "గోరింక కథ పడిందండీ ఈ వారం. మీరూ చదివి ఎలా ఉందో చెప్పండి."

"ఉందిలే, ఏదో! సగం తీసేస్తే మిగతా సగం బాగుంటుంది."

గోరింక అనేది కలంపేరు. ఆ పేరు వెనక ఎవరున్నారో పత్రికాఫీసులో ఎడిటరుకి తప్ప ఎవరికీ తెలీదు. అక్కడే ప్రూఫులు దిద్దే కత్తెరగారికి కూడా తెలీదు. ఈ గోరింక ఏడాదిలో మూడు కథలు పంపాడు, మూడూ అచ్చయ్యాయి. కత్తెరగారివి పదిహేనేళ్ళకి కలిపి రెండు. కడుపు మండదూ మరి!

పోనీ ఆయన కష్టపడరా అంటే, అదేం కాదు. ఒక్కో కథ ఏడుసార్లు తిరగరాస్తారు. ఆయన కాగితం మీద రాస్తే ఆవిడ టైపు చేసిస్తుంది. ఆయన ఎర్రసిరాతో కొట్టేస్తారు, ఆవిడ మళ్ళీ టైపు చేస్తుంది. రాసినవాడికి ముద్దొచ్చిన వాక్యం కథలో ఉండకూడదని ఆయన నియమం. "అది కథ కోసం రాసింది కాదోయ్, మురిసిపోవడానికి రాసుకున్నది" అంటారు. కొట్టేశాక ఇక దాని మొహం కూడా గుర్తుపెట్టుకోరు. అందుకే ఆఫీసులో కత్తెరగారని పేరు పడింది. ఆ ఏడో ప్రతి చదివి ఎడిటరు ప్రతిసారీ ఒకటే మాట. "శుభ్రంగా ఉందండీ. కానీ ఎక్కడా మనసుకి తగల్లేదు."

ఎడిటరు సంగతి సరే, ఇంట్లో మనిషి మాటేమిటి? ఇన్నేళ్ళలో ఆయన కథ చదివి ఆవిడ "టైపు అయిందండీ" అనడమే తప్ప ఒక్కసారి నవ్విన పాపాన పోలేదు. గోరింకగాడికి మాత్రం ముసిముసి నవ్వులు! ఆ నవ్వు ఒక్కసారి తన కథకి పడితే చాలు, ఆయనకి బహుమతులు కూడా అక్కర్లేదు.

ప్రత్యేక సంచికలో ఒక్క కథకే చోటన్నారు. కత్తెరగారూ పంపారు, గోరింకా పంపాడు. సోమవారం పొద్దున్న బల్ల మీదికి ప్రూఫులొచ్చాయి. పైన పేరు చూడగానే ఆయనకి ఒళ్ళు భగ్గుమంది. గోరింక!

"మీది వచ్చేసారి చూద్దాం లెండి," అని నసిగాడు ఎడిటరు. "అన్నట్టు, ఇందులో ఒక లైను ఎక్కువై పక్క పేజీలోకి పోతోంది. ఎక్కడో ఒకచోట తీసేయండి. మీకు చెప్పాలా!"

కత్తెరగారు పళ్ళు నూరుకుంటూ చదివారు. మొగుడూ పెళ్ళాల కథ. మూడో పేజీలో ఒకచోట ఆగిపోయారు.

'ఆవిడ అలిగిన రోజున ఇల్లు అద్దంలా మెరిసిపోయేది.'

గుండెలో కలుక్కుమంది. తన ఇంట్లోనూ అంతే. ఆవిడకి కోపమొస్తే నోరు మెదపదు, చీపురు తీసుకుంటుంది. నా పెళ్ళాం సంగతి వీడికెలా తెలుసు? ఎంత దగ్గరగా చూశాడో! ఒక్క వాక్యంలో కాపురమంతా పెట్టేశాడు, దొంగవెధవ. నేను ఏడు జన్మలెత్తినా ఇలాంటిది రాయగలనా?

తీసేయడానికి పనికిమాలిన లైన్లు ఆ కథలో అరడజను ఉన్నాయి. ఆయన వాటి జోలికి పోలేదు. ఎర్రపెన్ను తీసి ఆ ఒక్క వాక్యం మీద అడ్డంగా గీత లాగారు.

ఆదివారం సంచిక ఇంటికొచ్చింది. ఆవిడ ఆత్రంగా మూడో పేజీ దాకా చదివింది. వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. మొహం మాడిపోయింది.

"ఇందులో ఒక వాక్యం లేదండీ."

"నీకెలా తెలుసు?" కత్తెరగారు గయ్యిమన్నారు. "అచ్చుకి ముందే చూపించాడా? ఎవడు వాడు? ఇవాళ తేలిపోవాలి!"

"వాడూ లేడు, వీడూ లేడు. గోరింకని నేనే."

కత్తెరగారు కుర్చీలో కూలబడ్డారు. అనుమానం తీరింది గానీ అంతకంటే పెద్ద మంట మొదలైంది. పరాయివాడైతే హాయిగా తిట్టుకోవచ్చు. పక్కన కూర్చుని టైపు చేసే మనిషి మీద ఎలా ఏడవడం?

"ఎవరు తీసేశారండీ దాన్ని?"

"నేనే," ఆయన తల దించుకున్నారు. "కుళ్ళుకుని తీసేశాను. బాగాలేక కాదు, బాగున్నందుకే. దాని ముందు నా కథలన్నీ దిగదుడుపే. నిజం చెప్పు, అంత మాట నీకెలా తట్టింది?"

ఆవిడకి కోపం రావాలి. రాలేదు. జాలిగా చూసింది.

"కథ నాదేనండీ. ఆ వాక్యం మాత్రం నాది కాదు."

"మరి?"

"దాన్ని మీరు కొట్టేయడం ఇది రెండోసారి."