మూడింట రెండొంతుల దారి

"ఏమండీ, ఇంకా ఆ గుండీలు పెట్టుకోవడమేనా? పెరట్లోంచి స్కూటర్ తీయండి! పదింటికి బస్సు కదిలిపోతుంది!"

అమ్మ కాలుగాలిన పిల్లిలా వాకిలికీ గదికీ తిరుగుతోంది. పెద్దకూతురు సంచి భుజాన వేసుకుని, చెప్పాపెట్టకుండా అగ్నిమాపక శిక్షణకు బయల్దేరి వెళ్లిపోయింది మరి.

"ఎంతసేపైందే అది వెళ్లి?"

"ఇరవై నిమిషాలమ్మా" అనేసి చిట్టి నాలిక కరుచుకుంది.

"అయితే దారిలోనే ఉంటుంది. మంటల్లోకి దూకే ఉద్యోగం దానికెందుకు? నా కంఠంలో ప్రాణముండగా పంపను!"

అక్క కలంతా ఆ ఉద్యోగమే. బస్టాండు దాకా అక్క నడిస్తే ముప్పై ఆరు నిమిషాలు, సరిగ్గా పదింటికి చేరుతుంది. నాన్న స్కూటర్ వేగం దానికి ఆరు రెట్లు. మరి పట్టేస్తాడా? చిట్టి వేళ్లు మడిచి చూసింది, తేలలేదు. ఎదురుగా లెక్కల మాస్టారిని పెట్టుకుని వేళ్లెందుకు!

"నాన్నా, ఒక్క లెక్క! కుందేలు బొరియ చేరడానికి ముప్పై ఆరు నిమిషాలు పడుతుంది. అది బయల్దేరిన ఇరవై నిమిషాలకి, ఆరు రెట్ల వేగంతో కుక్క వెంటపడింది. ఎంత దారిలో పట్టుకుంటుంది?"

"ముప్పై ఆరు నిమిషాలా? కుంటి కుందేలా ఏంటి?" నాన్న కుర్చీ లాక్కున్నాడు.

"మీ లెక్కలు తగలెయ్యా! ఇప్పుడా?" అరిచింది అమ్మ.

"ఉండవే. లెక్క సగంలో వదిలేస్తే నాకు ఊపిరాడదు. చూడు చిట్టీ, కుందేలు ఒక భాగం కదిలితే కుక్క ఆరు భాగాలు. నిమిషానికి ఐదు భాగాలు దగ్గరవుతుంది. కుందేలు ఇరవై భాగాలు ముందుంది కాబట్టి, ఇరవైని ఐదుతో భాగిస్తే నాలుగు నిమిషాలు. అంటే కుందేలు నడక ఇరవై నాలుగు నిమిషాలు. ముప్పై ఆరులో ఇరవై నాలుగు... మూడింట రెండొంతుల దారిలో పట్టేస్తుంది."

చిట్టి నాన్న కుర్చీకి దగ్గరగా జరిగింది.

"కుక్క పది నిమిషాలు ఆలస్యంగా లేస్తే?"

"సరిగ్గా బొరియ ముందు దొరుకుతుంది. ఇంకొక్క నిమిషం ఆగిందా, తోక కూడా చిక్కదు."

"అర్థం కాలేదు నాన్నా. మళ్లీ చెప్పవూ?"

నాన్న మళ్లీ చెప్పాడు. గీత గీసి ముప్పై ఆరు భాగాలు చేశాడు. వంకరగా వచ్చిందని చెరిపి మళ్లీ గీశాడు. అమ్మ పెన్సిల్ లాక్కుంటే జేబులోంచి ఇంకోటి తీశాడు. చిట్టి కళ్లు గడియారం మీదే ఉన్నాయి. ముల్లు కదిలి చస్తేనా!

ఎట్టకేలకు పది కొట్టింది.

"పోయింది. నా పిల్ల పోయింది" అంటూ అమ్మ ఏడుస్తూ వంటగదిలోకి వెళ్లిపోయింది. అమ్మని చూస్తే చిట్టికీ ఏడుపొచ్చింది.

"కోప్పడకు నాన్నా. ఆ కుందేలు అక్కే. నిన్ను కదలనివ్వకూడదనే అన్నిసార్లు అడిగాను."

"తెలుసులే. కానీ నీ లెక్కలో తప్పుంది."

"ఏం తప్పు?"

నాన్న వంటగది వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు.

"మీ అక్క నడిచి వెళ్లలేదే. వీధి మలుపులో స్కూటర్ పెట్టి, తాళం దాని చేతికిచ్చింది నేనే."