కాపాడే బిళ్ళ

"అసిరయ్యా, రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు."

సోమేశ్వరరావు ఆ మాట కాగితాల మీంచి తలెత్తకుండానే అనేశాడు. రోజూ జుగ్సలాయి బస్తీలోని ఇంటి నుంచి లారీలో వెళ్ళి, యురేనియం గని వ్యర్థాలు నింపిన చెరువులో తవ్విపోసే కూలీ అసిరయ్య. ఆ చెరువును శుభ్రం చేసే దారి కోసం పరిశోధన చేస్తున్న ఆఫీసరు సోమేశ్వరరావు.

"నానేటి తప్పు సేసినాను బాబూ?"

"తప్పు కాదయ్యా. నీ బిళ్ళ హద్దు దాటింది." కూలీలంతా చొక్కాకు తగిలించుకునే చిన్న ఫిల్ము బిళ్ళను బల్ల మీద పెట్టాడు. "ఇది ఎక్కడుంటే అక్కడి విషం దీనికి పడుతుంది. మూణ్ణెల్లలో దీనికి ఇంత పట్టిందంటే నీ ఒంటికీ అంత తగిలినట్టే. నీ పక్కన తవ్విన తవిటయ్య బిళ్ళ ఏక్‌దమ్ సాఫ్. చెరువులో ఇసుక గానీ ఇంటికి పట్టుకుపోయావా?"

అసిరయ్య చూపు తిప్పుకున్నాడు. పిండిలాంటి ఇసుక, ఎవరికీ అక్కర్లేనిది. వానలకు ఇల్లు చెమ్మెక్కిపోతోందని ఎనిమిది బస్తాలు మోసుకొచ్చి గదంతా గచ్చు చేయించాడు. పెళ్ళాం సింహాచలమ్మ ఎంత మురిసిపోయిందో! ఇప్పుడది ఒప్పుకుంటే దొంగతనం కింద జైలే.

"నేదు బాబూ."

"అయితే ఆస్పత్రికి పద. రక్తం పరీక్ష చేయించాలి."

"ఆస్పత్రొద్దు బాబూ, డూటీ కావాల! ఈ పని పోతే మేం ఏటి తిని బతకాల?" కాళ్ళ మీద పడిపోయాడు.

సోమేశ్వరరావుకు ప్రాణం ఉసూరుమంది. "నేనేం చెయ్యనయ్యా? ఇంత తగిలినవాణ్ణి మళ్ళీ అక్కడికి పంపితే చచ్చిపోతావు. తగలకపోతే నాకేం అభ్యంతరం?"

ఆ చివరి మాటతో అసిరయ్య లేచి కూర్చున్నాడు. నిజం చెబితే చీవాట్లు పడతాయి, పడనీ. పని నిలుస్తుంది కదా! కళ్ళు తుడుచుకుని నవ్వాడు కూడా, వెర్రిబాగులవాడు.

"అయితే నాకేటీ తగల్నేదు బాబూ! ఆ బిళ్ళ నానొక్కనాడూ ఎట్టుకోనేదు. 'ఇది మిమ్మల్ని కాపాడతాది' అని తవరే గదా సెప్పి ఇచ్చినారు? నిన్న తవరడిగితే ఇప్పి తెచ్చినాను గానీ, ఈ మూణ్ణెల్లూ అది మా ఇంట్లోనే, సంటిదాని ఉయ్యాలకే కట్టుంది."