కునికిపాట్ల బ్రదర్

ప్రసంగం మధ్యలో ఎవరి ఒళ్ళోంచో బైబిలు దబ్బున కింద పడింది.

అందరూ వెనక్కి తిరిగారు.

చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో ఒక నడివయసు మనిషి. గడ్డం గుండెలకి ఆనిపోయింది. ఆ చప్పుడుకి కూడా అతడికి మెలకువ రాలేదు.

పాస్టరు ప్రసంగం ఆపాడు. కొన్ని వారాలుగా ఆయన చెబుతున్నది ఒకటే అంశం, దేవుని కార్యాలను ధ్యానించడం.

"పొద్దు పొడవటం దేవుని కార్యం. పిచ్చుకకి గింజ దొరకటం దేవుని కార్యం. చూసే కళ్ళుండాలి, అంతే" అన్నాడు మైకులో. కాస్త ఆగి, "మన బ్రదర్‌ని చూడండి, కళ్ళు మూసుకుని మరీ ధ్యానిస్తున్నాడు!"

మందిరం ఘొల్లుమంది.

అతడు ఉలిక్కిపడి లేచాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ కొంచెం నవ్వాడు.

సంఘానికి అతడు కొత్త. ఏం చేస్తాడో, ఎక్కణ్ణుంచి వస్తాడో ఎవరూ అడగలేదు. 'కునికిపాట్ల బ్రదర్' అని పేరు మాత్రం పెట్టేశారు.

ఆరాధన అయ్యాక అతడు పాస్టరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మీతో ఒక్క మాట..."

"వాక్యం వినేంతసేపు మెలకువగా ఉండలేవు. నాతో మాటలేంటి బ్రదర్?"

"తప్పే అయ్యగారూ. కానీ..."

"రాత్రుళ్ళు ఏం వెలగబెడుతున్నావో, ముందు అది మానుకో. మాటలు తర్వాత."

చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి అతడు నవ్వలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మరి రాలేదు.

"పోతే పోయాడు లెండి. గురక బాధ వదిలింది" అన్నాడు సంఘపెద్ద.

పాస్టరు అతడి సంగతే మరిచిపోయాడు. పొద్దున ఉపవాస కూటం, సాయంత్రం ధ్యాన కూటం. ఊపిరి సలపడం లేదు.

ఒకరోజు అక్క ఫోను చేసింది. కాలు విరిగి, వేరే ఊళ్ళో మంచం దిగలేని స్థితిలో ఉంది ఆవిడ.

"అమ్మని చూసొచ్చావా?"

"డాక్టరుతో మాట్లాడుతూనే ఉన్నానక్కా. ఈ కూటాలు అయిపోనీ."

"ఆసుపత్రిలో చేర్పించిన రోజు చూశావు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు నువ్వు."

"దేవుని పనిలో ఉన్నా కదా. అమ్మ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నా."

"ప్రార్థన నేనూ చేస్తున్నానురా, ఇక్కణ్ణుంచే. ఆవిడకి పక్కన మనిషి కావాలి."

"ఆదివారం అవగానే వెళ్తాలే."

ఆదివారం ప్రసంగం అద్భుతంగా కుదిరింది. మనిషి దగ్గరికి మనిషిని పంపడం కూడా దేవుని కార్యమే అని చెబితే చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత పొగిడేవాళ్ళ మధ్య చీకటి పడింది.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను. పాస్టరు పరుగు పరుగున వెళ్ళాడు.

అప్పటికే అంతా అయిపోయింది.

అమ్మ తల నున్నగా దువ్వి ఉంది. దుప్పటి గుండెల దాకా కప్పి ఉంది. కళ్ళు ఎవరో మూశారు.

పాస్టరు మంచం పట్టె పట్టుకున్నాడు.

"అమ్మ నా కోసం అడిగిందా?" అన్నాడు నర్సుతో.

"లేదండీ."

"ఒక్కసారి కూడా?"

"కొడుకు రోజూ పక్కనే కూర్చుంటే ఎందుకు అడుగుతారు?"

పాస్టరుకి అర్థం కాలేదు. నర్సు కిటికీలోంచి చూపించింది. గేటు దాటి ఒక మనిషి తల వంచుకుని వెళ్తున్నాడు.

కునికిపాట్ల బ్రదర్.

"పక్క మంచం ఆయన భార్యదండీ. ఆవిడ పోయాక కూడా రావడం మానలేదు. పగలంతా పని, రాత్రంతా ఇక్కడ. ఇందాక మీరు మెట్లెక్కడం చూసి, 'కొడుకు వచ్చాడుగా, ఇంక నేనెందుకమ్మా' అని లేచి వెళ్ళిపోయాడు."

"మా అమ్మకి అతనేం అవుతాడని?"

"'ఆదివారం ఏం చెప్పావురా' అని మీ అమ్మగారు అడిగేవారు. చెప్పాలి కదా, అందుకని మీ మందిరానికి వచ్చేవాడు. మీరు కసిరాక, తనకి తెలిసిన దేవుని మాటలే చెప్పేవాడు. బాగానే చెప్పేవాడండీ."

పాస్టరు గేటు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఆవిడకి చూపు ఆనదు కదా. ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని, 'వచ్చావా నాయనా' అన్నారు. కాదని చెప్పడానికి నోరు రాక, ఆ రోజు నుంచీ ఆయనే మీరయ్యాడు."